తొమ్మిదో గుంజ

తాళ్ల అత్త నిన్న సాయంత్రం చాప చంకన పెట్టుకుని ఏటి ఒడ్డున ఉన్న కొట్టులోకి వెళ్లింది. తెల్లవారి పొద్దెక్కింది. ఇంకా రాలేదు.

అమ్మ రెండుసార్లు కంచం పట్టుకెళ్లి, రెండుసార్లూ మూత కూడా తియ్యకుండానే వెనక్కి తెచ్చింది. మూడోసారి బయల్దేరబోతూ గుమ్మంలో ఆగి, గోడకి చెబుతున్నట్టుగా ఇంట్లో అందరికీ చెప్పింది.

“ఒకరు తినరు. ఒకరు మాట్లాడరు. ఒకరు ఏడవరు, ఊరుకోరు. ఈ ఇంట్లో ఆకలీ నోరూ రెండూ ఉన్నది నా ఒక్కదానికే కాబోలు.”

తినని మనిషి ఆమె ఆడపడుచు. మాట్లాడని మనిషి ఆమె భర్త, ఊరందరికీ మేస్త్రి. ఏడవనిదీ ఊరుకోనిదీ కూతురు.

ఆ కూతురిని ఊళ్లో దస్తూరి అంటారు. ఏడో తరగతిలో ఉన్నప్పటి నుంచీ ఎవరింట ఉత్తరం రాయాలన్నా, అర్జీ పెట్టాలన్నా ఆ పిల్ల చేతిరాతే. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి మనిషి. ఇప్పుడు బస్తీలో ఒక ఆఫీసులో గుమాస్తా. నిన్న సాయంత్రం బస్సు దిగి, సంచీ ఇంట్లో పెట్టకుండా తిన్నగా రేవుకి వెళ్లింది. కొట్టు చూసింది. చూసి ఒక్క మాట అంది.

“ఎవరు చేశారీ పాడు పని?”

అడిగేటప్పటికి ఆమెకి తెలియదు. కడిగిన తాపీ చేత్తో పట్టుకుని, కూతురు మెచ్చుకుంటుందని ముఖం నిండా సంతోషంతో నాన్న వెనకే నిలబడి ఉన్నాడు.

ఆ మాట తర్వాత ఆయన ఇంతవరకూ పెదవి విప్పలేదు. అరుగు మీద కూర్చుని, నిన్న తోమిన తాపీనే ఇటుక ముక్కతో మళ్లీ తోముతున్నాడు.

తాళ్ల కొట్టంటే ఏటి ఒడ్డున బారుగా, ఎత్తు తక్కువగా ఉండే పాత రాతి కట్టడం. దాని పొడవు ఏటి వెడల్పులో సరిగ్గా సగం. అందులో పేనిన తాళ్లు రెండు ముడేస్తే ఆవలి గట్టు అందుతుంది. ఆ తాడు పట్టుకునే ఒకప్పుడు బల్లకట్టు ఏరు దాటేది. కొట్టు నడుమ వరసగా తొమ్మిది రాతి గుంజలు. పేనుతున్న తాడు వాటి మీదుగా జారి జారి, నాలుగు తరాల పాటు ఒరుసుకుని, ప్రతి గుంజకీ ఒక గాడి పడింది. తొమ్మిదో గుంజది అన్నిటికంటే లోతు. నాలుగు వేళ్లు మునుగుతాయి.

రేవు పెంచడానికి గీసిన కొత్త పటంలో కొట్టు లేదు. అది ఉన్నచోట లారీలు దిగే సిమెంటు వాలు ఉంది. కాపాడి తీరవలసిన కట్టడమని పాత కట్టడాల శాఖ రాస్తేనే పటం మారుతుంది. దానికోసం దస్తూరి ఆరు నెలలు తిరిగి అర్జీ పెట్టింది. మొదటి పేజీలోనే తొమ్మిదో గుంజ ఫోటో అంటించింది. శాఖ పంపిన పరిశీలకురాలు ఈరోజు మధ్యాహ్నం పడవలో వస్తోంది.

ఆవిడ వస్తోందని తెలిసి మేస్త్రి మూడు రోజులు పని మానుకున్నాడు. కొట్టు గోడలకి వెల్ల వేశాడు. నేల కడిగాడు. తొమ్మిది గుంజల గాడులూ, చెయ్యి పెట్టి తడిమినా తెలియనంత నున్నగా పూడ్చేశాడు. పెద్దవాళ్లు వస్తుంటే ఇంట్లో గుంటలు ఎవరైనా అలాగే వదిలేస్తారా?

దస్తూరికి కోపం వచ్చిన మాట నిజమే. ఆ కోపాన్ని ఎక్కడ దించుకోవాలో మాత్రం తెలియలేదు. నాన్న మీద దించుకుందామంటే ఆ చేతులు కనపడుతున్నాయి. సున్నం తిని తిని పగిలిన వేళ్లు. తన కాలేజీ చదువంతా ఆ వేళ్ల మీద నుంచే నడిచి వెళ్లింది. డిగ్రీ పట్టా తీసి చూసుకున్నప్పుడల్లా మీదున్న ముద్ర కంటే ముందు ఆమెకి అవే గుర్తొస్తాయి.

పైగా తప్పు ఎక్కడ మొదలైందో రాత్రంతా వెతికితే అది తన గుమ్మం దగ్గరే తేలింది. కిందటి వారం ఫోన్లో “కొట్టు శుభ్రంగా కనపడాలి నాన్నా” అని చెప్పింది తనే. గాడుల సంగతి చెప్పనే లేదు. ఊళ్లో ఎవరి కాగితమైనా చదివి వినిపించాకే సంతకం పెట్టించేది. ఆరు నెలలు రాసిన తన కాగితం మాత్రం సొంత నాన్నకి ఒక్కసారీ చదివి వినిపించలేదు.

“ఇలా ఇవ్వమ్మా, నేను తీసుకెళ్తాను” అని తల్లి చేతిలోంచి కంచం అందుకుంది.

*

కొట్టులో కొత్త వెల్ల వాసన గుప్పుమంటోంది. అత్త చాప మీద లేదు. తొమ్మిదో గుంజ పక్కన గోడకి ముఖం పెట్టి, అరచేత్తో పైకీ కిందికీ తడుముతోంది.

“అత్తా, తినవే. అమ్మ తిట్టేది నిన్ను కాదు, మమ్మల్ని.”

“నా తాడు ఏదే?”

“ఏ తాడు?”

“ఆఖరుది.”

ఇంజను పడవ వచ్చాక తాళ్ల పని ఆగిపోయింది. ఈ కొట్టులో చివరి తాడు పేనింది అత్తే. అందులో మిగిలిన రెండు బారల ముక్కని ఇక్కడ మేకుకి తగిలించింది. ఏడాదికోసారి దించి, నూనె పట్టించి, మళ్లీ తగిలించేది. ఇప్పుడు మేకు ఉంది. తాడు లేదు.

తమ్ముడు గాడులు పూడ్చాడని అత్త అలిగిందనుకుంది దస్తూరి. తీరా చూస్తే అలక ఇంకోదాని మీద. చెత్తతో పాటు పోయిందేమో, నాన్నని అడుగుతానంది.

“అడిగి లాభం లేదు. తప్పు చేసిన రోజున వాడి నోటికి తాళం పడుతుంది. చిన్నప్పుడు నీళ్ల కుండ పగలగొట్టి మూడు రోజులు మాట్లాడలేదు. పిల్లాడికి మాట పడిపోయిందని వైద్యుడి దగ్గరికి కూడా తీసుకెళ్లాం.”

దస్తూరికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. కంచం చాప మీద పెట్టి, ఐదో గుంజకి ఆనుకుని కూలబడింది.

ఐదో గుంజ ఆమె చదువుకున్న చోటు. ఇంట్లో ఒకటే గది, దానికి ఒకటే కిటికీ. పరీక్షల రోజుల్లో అత్త కొట్టు తాళం తీసి, ఇక్కడ చాప పరిచి, తలుపు దగ్గర కాపలా కూర్చునేది. అప్పట్లో పెన్సిలు దొర్లిపోకుండా ఈ గాడిలోనే పెట్టుకునేది. అలవాటుగా అటు చెయ్యి పోయింది. నున్నటి రాయి తగిలింది.

“సిమెంటు పెట్టేశాక ఇంకేం చేస్తాం అత్తా. ఉలి వేస్తే గాడి కూడా దాంతోపాటే లేచిపోతుంది.”

“సిమెంటని నీకెవరు చెప్పారు?”

దస్తూరి తలెత్తింది.

అత్త వచ్చి బొటనవేలి గోటితో పూడిక మీద గీసింది. గోటి కింద తెల్లటి ముద్ద వచ్చింది, మెత్తగా, తడిగా. అది సున్నపు గార. పైన తడి గోనె కప్పి మెల్లగా ఆరనిచ్చాడు కాబట్టి ఇంకా పచ్చిగానే ఉంది.

“పాత రాతికి సిమెంటు పెట్టే మనిషే అయితే వాడికీపాటికి రెండంతస్తుల మేడ లేచేది. నువ్వు వాణ్ణి అడిగావా?”

అడగలేదు. అదే చెప్పింది.

“అయితే నువ్వూ మా వంశమే” అంది అత్త.

*

అరుగు మీద తాపీ ఇంకా మెరుస్తోంది. దస్తూరి వచ్చి నాన్న కాళ్ల దగ్గర మెట్టు మీద కూర్చుంది. ఏం చెప్పాలో వచ్చేదారిలో నాలుగు రకాలుగా కూర్చుకుంది గాని, ఆ నాలుగూ గుమ్మం దగ్గరే జారిపోయాయి.

“సున్నమేనా నాన్నా?”

ఆయన తాపీ వంకే చూశాడు. “నువ్వడగలేదుగా” అన్నాడు.

లోపల గిన్నె చప్పుడు ఆగిపోయింది. అమ్మ వింటోందని ఇద్దరికీ తెలుసు.

దస్తూరి సంచీలోంచి అర్జీ నకలు తీసింది. ఆరు నెలల కిందట చెయ్యవలసిన పని అప్పుడు చేసింది. మొదటి పేజీ నుంచి, తొందరపడకుండా, ఊళ్లోవాళ్లకి వాళ్ల కాగితాలు చదివినట్టే చదివి వినిపించింది. ఏటి వెడల్పు, కొట్టు పొడవు, అత్త చేతుల గురించి రాసింది, తాతల చేతుల గురించి రాసింది, అన్నీ. ‘ఈ గుంజలను ఏ శిల్పీ చెక్కలేదు. తాడు పట్టుకుని బతికినవారి చేతులే ఈ గాడులను చేశాయి’ అన్న వాక్యం దగ్గర ఆగి, మళ్లీ చదివింది.

మేస్త్రి తాపీ పక్కన పెట్టాడు.

“ఇంత ఉందా వాటిల్లో?”

“ఉంది నాన్నా. నీకు ముందే చదవాల్సింది. చదవకపోవడం నా తప్పు. నిన్న ఆ మాటనడం ఇంకా తప్పు.”

“నువ్వు కూర్చుని చదువుకున్న చోటు కదమ్మా.” ఆయన మాటలు వెతుక్కుంటూ మెల్లగా అన్నాడు. “నిన్ను ఇంతదాన్ని చేసిన చోటు. దానికి నేనేం ఇచ్చాను? నాకు వచ్చిన పని ఇదొక్కటే. పెద్దావిడ వచ్చి చూస్తే గుంటలతో ఉండకూడదనుకున్నాను.”

దస్తూరి ఆ పగిలిన వేళ్లు పట్టుకుంది. చెప్పదలుచుకున్నదంతా అందులోనే ఉంది.

అమ్మ తలుపు దగ్గరికి వచ్చి, కళ్లు తుడుచుకుని, అంతలోనే మామూలు గొంతు తెచ్చుకుంది. “మాటలొచ్చాయి కదా ఇద్దరికీ. ఇక తినే మనిషిని కూడా చూడండి. మధ్యాహ్నం పడవ మన కోసం ఆగదు.”

*

ఉలి వద్దు, ఇనుము తగిలితే రాయి గీరుకుపోతుందన్నాడు మేస్త్రి. వేళ్లతో తీద్దామంటే గాడి అడుగుకి అందవు. నీళ్లు పోస్తే పైపైనే కరుగుతుంది. ముగ్గురూ మొదటి గుంజ చుట్టూ తిరుగుతుంటే, అత్త చాప మీద కూర్చుని అప్పటిదాకా ముట్టని కంచం ఒళ్లోకి లాక్కుంది.

“గాడిని చేసిందేంటిరా?”

“తాడు.”

“మరి దాన్నడగరేం?” అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

పడవ నడిపే సరంగు దగ్గరికి దస్తూరే పరుగెత్తింది. అతను కొత్త నైలాను తాడు తీసుకొచ్చి ఇస్తే అత్త దాన్ని ముట్టుకోకుండా కాలి వేలితో పక్కకి జరిపింది. సరంగు నవ్వి, మళ్లీ వెళ్లి పడవ అడుగు నుంచి పాత పీచు తాడు లాక్కొచ్చాడు. మీ అత్త నా పెళ్లాం కంటే ఖచ్చితం, మా ఆవిడైతే తాడు రంగు వరకే చూస్తుందన్నాడు.

నానబెట్టిన తాడుని గుంజ మీద వేశారు. ఒక కొస అక్క పట్టుకుంది, ఇంకో కొస తమ్ముడు. అమ్మ చెంబుతో నీళ్లు పోస్తోంది.

“ఇటు” అంది అత్త. తాడు ఆమె వైపు జారింది.

“అటు.” తమ్ముడి వైపు జారింది.

మొదట పైన గీత పడింది. తర్వాత తెల్లటి నీళ్లు గుంజ వెంట కిందికి కారాయి. ఇటు, అటు అంటూ అత్త గొంతు పాత వరసలో పడింది. ఆ గొంతుకి తగ్గట్టు మేస్త్రి భుజాలు కదిలాయి. చిన్నప్పుడు తనని ఈ వరసలోనే నిలబెట్టి తాడు పట్టించేదని, కునుకు తీస్తే కొసతో వీపు మీద ఒకటిచ్చేదని ఆయనే చెప్పాడు. చెప్పాక తనకి మాటలు వచ్చేశాయని తెలుసుకుని కొంచెం సిగ్గుపడ్డాడు.

కాసేపటికి తాడు కిందికి దిగింది. గాడి అడుగున పాత రాయి నల్లగా, నున్నగా తేలింది. దస్తూరి వేలు పెట్టి చూసింది. ఒక్క గీత లేదు.

ఒకటి తర్వాత ఒకటిగా వెళ్లారు. ఐదో గుంజ దగ్గర దస్తూరి తల్లి చేతిలోంచి చెంబు తీసుకుని తనే నీళ్లు పోసింది. పెన్సిలు పెట్టుకున్న చోటు మళ్లీ కనపడేసరికి ఎవరికి దండం పెట్టాలో తోచక, రాతి మీదే ఒక్క క్షణం అరచెయ్యి ఆనించింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఎనిమిది అయ్యాయి. చేతులు మండుతున్నాయి. అయినా అందరి ముఖాల్లోనూ నవ్వుంది. సాయంత్రానికి ఏం వండాలో అమ్మ అప్పుడే మాట్లాడుతోంది.

తొమ్మిదో గుంజ మీదికి అత్త తాడు వేసింది. అవతలి కొస అందుకోవలసిన మేస్త్రి అందుకోలేదు.

“ఇది రాదక్కా.”

“ఏం?”

“సున్నం అయిపోయింది. ఇదొక్కటీ సిమెంటు.”

దస్తూరి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఏటి వంపులో పడవ కూత వినపడింది.

*

రేవులోకి మొదట వెళ్లింది దస్తూరి కాదు, మేస్త్రి. మోచేతుల దాకా సున్నపు నీళ్లతోనే, ఆమె ఆపేలోపు మెట్లు దిగి వెళ్లాడు. పరిశీలకురాలు నడివయసు మనిషి. చెప్పులు ఒక చేత్తో, గుడ్డసంచీ ఒక చేత్తో పట్టుకుని పడవ బల్ల మీద నిలబడి ఉంది. ఆయన చెయ్యి అందించి ఒడ్డెక్కించాడు. ఆవిడ థాంక్స్ చెప్పేలోపే చెప్పేశాడు.

“మేడంగారూ, తెలియక పాడుచేశాను. ఎనిమిది తీసేశాం. ఒకటి మిగిలిపోయింది. మా అమ్మాయికి దీంతో సంబంధం లేదు.”

ఆవిడ ఆయన చేతుల వంక చూసింది. తర్వాత వెనకాల ఉన్న దస్తూరి వంక చూసింది. పదండి చూద్దామంది.

కొట్టులో ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు. ఎనిమిది గాడుల్లోనూ వేలు పెట్టి చూసింది. కింద కారిన తెల్లనీళ్లు చూసింది. తాడు చేత్తో పట్టుకుని ఎవరి ఆలోచన అని అడిగింది. అత్త జవాబు చెప్పకుండా తమ్ముడి వైపు చూపించింది. తమ్ముడు అక్క వైపు చూపించాడు. ఆవిడకి నవ్వొచ్చింది. తొమ్మిదో గుంజ దగ్గరికి వచ్చాక ఆ నవ్వు పోయింది.

దస్త్రం తెరిచి, ఫోటో గుంజ పక్కన పెట్టి చూసి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఈ సాయంత్రం నివేదిక పంపాలి. ఎల్లుండి రేవు పటం మీద సంతకాలు. మిగతా ఎనిమిదీ బాగానే ఉన్నాయి గాని, పైవాళ్ల ముందున్న సాక్ష్యం ఈ ఫోటో. అందులోని గాడి ఇవాళ ఇక్కడ కనపడకపోతే తన మాట ఒక్కటే నిలబడదు.

సంచీలోంచి ఒక ఫారం తీసి దస్తూరికిచ్చింది. ‘కట్టడానికి ఇటీవల జరిగిన హాని, చేసినవారి వివరం’ అని ఒక గడి ఉంది.

“అర్జీదారు మీరు కాబట్టి మీరే రాయాలి. దాచమని నేను చెప్పలేను.”

దస్తూరి కలం తీసింది. ఊరందరికీ రాసిన చెయ్యి ఆ గడి దగ్గర ఆగింది.

“రాయమ్మా” అన్నాడు మేస్త్రి. “నీ చేత్తో రాస్తే తప్పు కూడా శుభ్రంగా కనపడుతుంది.”

ఆమె రాసింది. ఆయన కూతురి వెనక నిలబడి, ఆమె చిన్నప్పుడు ఈ కొట్టులోనే తనకి నేర్పిన అక్షరాలు ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ చదివాడు. చదవడం పూర్తయ్యాక తల అడ్డంగా ఊపాడు.

“ఒకటి తక్కువ రాశావు.”

“ఏంటి నాన్నా?”

ఆయన అక్క వైపు తిరిగాడు. ఆమె ముఖంలోకి చూడలేక నేల చూశాడు.

“ఆ గాడి మరీ లోతు. ఉన్న సిమెంటు చాల్లేదు. అడుగున ఏదో ఒకటి కూరాలి. చెత్తా చెదారం కూరబుద్ధి కాలేదక్కా. మేకుకున్న నీ తాడు మడతలేసి లోపల పెట్టాను. సిమెంటు పైన బొటనవేలంత మందమే.”

తాళ్ల అత్త గుంజ పక్కకి వెళ్లి వంగింది. గాడి చివర, పూడిక అంచు కింద, గోధుమరంగు పీచు కుచ్చు ఒకటి బయటికి తొంగి చూస్తోంది. రాత్రంతా గోడ తడిమిన చెయ్యి దాని మీద పడింది.

“నూనె తాగిన తాడు” అంది మెల్లగా. “సిమెంటు దీన్ని పట్టుకోదు.”

పరిశీలకురాలు మోకాళ్ల మీద కూర్చుని చూసింది. తాడు వచ్చేస్తే సిమెంటు వెనక బోలుగా మిగులుతుంది, పెంకులా ఊడొచ్చేస్తుంది. కాని గాడి పై అంచున వెంట్రుకంత బీట ఉంది. అది ఎప్పటిదో తెలియదు. ఒత్తిడి అటు పడితే రాయి కూడా దాంతోపాటు లేస్తుంది.

“మేస్త్రిగారూ, రాయి సంగతి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. లాగమంటారా?”

మేస్త్రి బీట మీద వేలు పెట్టి చూశాడు. చెవి ఆనించి, వేలి కణుపుతో తట్టి విన్నాడు. తర్వాత తాడు కొస పట్టుకున్నాడు. అక్క చెయ్యి అక్కడే ఉంది. అయినా లాగలేదు. కూతురి వైపు తిరిగాడు.

“అడక్కుండా ఒకసారి చేశాను. ఈసారి నువ్వు చెబితేనే.”

ఫారం మీద సిరా ఇంకా ఆరలేదు. దస్తూరి నాన్న ముఖం చూసింది. నిన్న ఆ మాట అన్నప్పుడు తను వెనక్కి తిరిగి చూడవలసిన ముఖం అది. కలానికి మూత పెట్టి, కాగితం తల్లి చేతికిచ్చి, వాళ్లిద్దరి చేతుల వెనక తాడు మీద తన చెయ్యి వేసింది.

“అత్తా, నువ్వు చెప్పు” అంది.

అత్త కళ్లు మూసుకుంది. ఊపిరి పీల్చుకుంది.

“ఇటు.”